గిటారు మీద నేను వేసిన నింద

ఒక మంచి వాద్యకారుడి చేతిలోంచి గిటారు దింపించినవాణ్ణి నేను. కోపంతో కాదు, కక్షతో అంతకన్నా కాదు. నా పని నాకు బాగా వచ్చునన్న ధీమాతో ఆ పని చేశాను.

విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళకు పైగా సౌండ్ పని చేశాను. ఈ మధ్యే మానేశాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు ఫోన్ చేసి ఏ మిక్సర్ కొనాలి, ఏ మైకు మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ షాపువాడు చెబుతాడు. షాపువాడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నా గొప్పలు కొన్ని ఉన్నాయి కానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. తప్పు చెబితే కనీసం ఒకడైనా జాగ్రత్తపడతాడు.

సత్యంగారి దగ్గర

మాది సముద్రం మీద వేటకు వెళ్ళే ఇల్లు. మా అన్నదమ్ముల్లో పడవెక్కితే వాంతులయ్యేది నాకొక్కడికే. "ఈడు గంగపుత్రుడేటి, గట్టుపుత్రుడు" అని మా నాన్న నవ్వేవాడు. అందుకని ఇరవై రెండేళ్ళప్పుడు ఒడ్డున పని వెతుక్కుంటూ తగరపువలసలో సత్యంగారి మైకుసెట్ల కొట్టులో చేరాను. పెళ్ళిళ్ళు, సభలు, మా పల్లెల్లో అమ్మవారి పండగలు, ఇవీ మా పనులు.

సత్యంగారు మంచి పనివాడు, కష్టమైన మనిషి. రెండూ చెప్పాలి. మా తప్పయితే నలుగురి ముందు నిలబెట్టి తిట్టేవాడు. తన తప్పయితే వైరు పాడైందనేవాడు. ఆయన దగ్గర ఏడేళ్ళున్నాను, ఒక్కసారైనా ఆయన నోట "పొరపాటైంది" అన్న మాట వినలేదు. ఆ గుణం పనితో పాటు నాకూ అంటుకుందని చాలాకాలం తెలియలేదు.

ఆయన నేర్పినవి రెండున్నాయి. మొదటిది, మైదానమంతా నడవడం. సముద్రపు గాలి పగలు ఒకలా, పొద్దు వాలాక ఒకలా తిరుగుతుంది. దాంతో పాటు శబ్దమూ పక్కకు పోతుంది. మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్ దగ్గర కూర్చుంటే అది తెలియదు. లేచి ఆఖరి వరుస దాకా నడవాలి, మళ్ళీ ముందు వరుస దాకా రావాలి.

రెండోది తాళాల గుత్తి. కచేరీకి ముందు మైకు దగ్గర తాళాల గుత్తి పట్టుకుని ఆడించేవాడు. స్పీకర్లలో అది తాళాల గుత్తిలాగే గలగలలాడాలి. గోనెసంచిలో కట్టి ఊపినట్టుంటే ట్రెబుల్, అంటే సన్నని పదునైన శబ్దం, తక్కువైందని లెక్క. స్టీలు కంచం గచ్చుమీద పడ్డట్టుంటే ఎక్కువైందని లెక్క. గుత్తి సరిగ్గా మోగేదాకా, సన్నని శబ్దాన్నీ లావు శబ్దాన్నీ విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ తిప్పుతూ ఉండేవాడు.

"మీటరుకేటి తెలుస్తాదిరా? సెవిని నమ్ము" అనేవాడు.

నమ్మాను. ఆయనలాగే ఒక గుత్తి, మా ఇంటి తాళాల గుత్తి, నా పనిముట్ల పెట్టెలో ఇన్నేళ్ళూ తిరిగింది. ఈ కాలపు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ పెట్టి కొలుస్తుంటే నేను పక్కన నిలబడి తాళాలు ఆడించేవాణ్ణి. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. నాకు గర్వంగా ఉండేది.

ఏడో బెర్తు

స్టీలు టౌన్‌షిప్‌లో నలుగురు పిల్లలు కలిసి "ఏడో బెర్తు" అని ఒక రాక్ బృందం పెట్టారు. పాడేది ప్రసన్న. ఆమె తండ్రి స్టీలు ప్లాంటు ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. గిటారు జోసెఫ్‌ది, గోపాలపట్నం కుర్రాడు. వీళ్ళది ఆల్టర్నేటివ్ రాక్ అంటారని తర్వాత తెలిసింది. సినిమా పాటలు ముట్టుకునేవారు కాదు. షిఫ్టు సైరన్ మీద, ఆరేసిన బట్టలమీద పడే బొగ్గు ధూళి మీద, వాళ్ళే రాసుకున్న తెలుగు పాటలు.

మొదటిసారి విన్నప్పుడు "ఇదేం గోలమ్మా" అన్నాను. రెండోసారి నోరు మూసుకున్నాను. జోసెఫ్ గిటారు లావుగా, బరువుగా ఉండేది. రేవు వదిలే ఓడ కూత వేస్తే కడుపులో తగులుతుంది చూడండి, అలా ఉండేది. ఆ పిల్లలంటే నాకు ఇష్టం కలిగింది. అయిదారేళ్ళు, వాళ్ళ ప్రతి కచేరీకీ మిక్సర్ నాదే. నన్ను "మాస్టారూ" అనేవాళ్ళు.

చొక్కా జేబులో రికార్డరు

దొంగ రికార్డింగులంటే నాకు ఒళ్ళుమంట. బూట్‌లెగ్ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన దొంగతనం దొరతనం కాదు. పాట వాళ్ళది, వాళ్ళనడగకుండా పట్టుకుపోవడమేమిటి? పైగా జనం మధ్యలో పట్టిన శబ్దం విని మా పనిని తూకం వేస్తారు. పక్కవాడి దగ్గు, పిల్లల ఏడుపు అన్నీ అందులో ఉంటాయి.

ఒక కచేరీలో ఒకాయన కదలకుండా నిలబడి ఉండడం చూశాను. అందరూ ఊగుతుంటే ఈయన కొయ్యబొమ్మలా ఉన్నాడు. వెళ్ళి చూస్తే చొక్కా జేబులో చిన్న రికార్డరు. కదిలితే గుడ్డ రాపిడి రికార్డవుతుందని బిగుసుకుని నిలబడ్డాడు.

"ఏటిది?" అన్నాను.

"నాను అమ్ముకోను భాయ్. దాసుకుంటాను, అంతే" అన్నాడు.

బ్యాటరీలు తీసేసి, రికార్డరు చేతిలో పెట్టి బయటకు పంపించాను. ఆయన పేరు ఖాదర్, పాత ఊళ్ళో కుట్టుమిషన్ల మెకానిక్. మళ్ళీ తర్వాతి కచేరీకి వచ్చాడు. మళ్ళీ కదలకుండా నిలబడ్డాడు. రెండు మూడుసార్లు గెంటి చివరికి నేనే విసిగిపోయాను. ప్రసన్న కూడా "పోనీలెండి మాస్టారూ, ఆయన మన మొదటి అభిమాని" అంది.

నేనిచ్చిన తీర్పు

రెండేళ్ళు గడిచాక ముందు వరుసల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. చెవుల్లో గుచ్చుకుంటోందన్నారు. "ఏడో బెర్తు మారిపోయింది, కీచుగా వాయిస్తున్నారు" అని ఫోన్లలో రాశారు. స్టేజీ మీద ఉన్నవాళ్ళకు బయట ఎలా వినిపిస్తోందో తెలియదు. వాళ్ళ ముందు వేరే చిన్న స్పీకర్లుంటాయి. మిక్సర్ నుంచి నేరుగా తీసిన మా సొంత రికార్డింగులు అందరం కూర్చుని వింటే అన్నీ బాగానే ఉన్నాయి.

ప్రసన్న నన్నే అడిగింది. "మాస్టారూ, మీకేటనిపిస్తంది?"

నా లెక్క ఇది. తాళాలు సరిగ్గా మోగాయి, కాబట్టి నా స్పీకర్లలో తేడా లేదు. మిక్సర్ రికార్డింగులో కీచు లేదు, కాబట్టి మిక్సర్లోకి రాని శబ్దమేదో జనానికి తగులుతోంది. అలాంటిది ఒక్కటే ఉంది. జోసెఫ్ వెనక ఉన్న గిటారు ఆంప్లిఫయర్, అంటే గిటారు సొంత స్పీకరు పెట్టె, నేరుగా ముందు వరుస మీదికి కొడుతుంది.

"గిటారేనమ్మా" అన్నాను.

తర్కంలో లోపం లేదు. ఈ పనిలో అది నిజంగా జరిగేదే. అందుకే అందరూ నమ్మారు, ముఖ్యంగా జోసెఫ్. ఆంప్లిఫయర్‌ని గోడవైపు తిప్పాడు. తీగలు మార్చాడు. తీగలు మీటే పిక్ బిళ్ళ వదిలేసి బొటనవేలి కండతో మీటడం మొదలుపెట్టాడు. వాయించే చోట వాయించడం మానేసి ఖాళీలు వదిలాడు. ఆ ఖాళీలకు తగ్గట్టు ప్రసన్న పాటలు నెమ్మదించాయి. కొందరికి ఆ కొత్త బాణీ తెగ నచ్చింది కూడా. కానీ ఫిర్యాదులు ఆగలేదు. కచేరీ కచేరీకీ పెరిగాయి.

ఆ రోజుల్లోనే నేను మైదానం నడవడం మానేశాను. మోకాళ్ళని సాకు చెప్పాను కానీ నిజానికి బద్ధకం, పెద్దరికం. నడిచినా నా చెవికి ఏం తెలిసేదో అనుమానమే అనుకోండి. అయినా ముందు వరుసలో చెవులు మూసుకున్నవాళ్ళ మొహాలైనా కనపడేవి కదా.

మూడేళ్ళు అలా లాగి, చివరికి ఒక రిహార్సల్లో ప్రసన్న, జోసెఫ్ మాటా మాటా అనుకున్నారు. "ఇంకేటి తగ్గించమంటావు? సెయ్యి నరుక్కోమంటావా?" అని జోసెఫ్ అరిచాడు. గిటారు సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూశాడు. ఒక్క మాట అడ్డం వేస్తానేమో అని. నేను వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను.

అతను మళ్ళీ రాలేదు. గోపాలపట్నంలో సెల్‌ఫోన్ షాపులో పనికి కుదిరాడని విన్నాం.

కుట్టుమిషన్ల కొట్టులో

జోసెఫ్ లేకుండా జరిగిన మొదటి కచేరీలో గిటారు లేదు, కీబోర్డు పెట్టుకున్నారు. పాటల మధ్యలో ఖాదర్ మిక్సర్ దగ్గరకు వచ్చాడు.

"రాజు భాయ్, ముందు వరసలో ఇంకా సెవులు మూసుకుంటన్నారు. గిటారు లేదు కదా. ఇప్పుడెవరిదంటావు?"

"నువ్వెళ్ళి మిషన్లు బాగుసేసుకో" అన్నాను.

"అదే సేత్తాను. శుక్రవారం పొద్దున్న కొట్టుకి రా. అన్నీ వరసగా వినిపిత్తాను. తేడా గిటారుది కాదు. నా మాట తప్పయితే రికార్డరు నీకిచ్చేత్తాను."

ఆ రికార్డరు మీద ఆశతోనే వెళ్ళాను. కొట్టు నిండా విప్పిన మిషన్లు. తొక్కి చూస్తే చాలు, సూది వంగిందో, లోపల దారప్పోగు ఇరుక్కుందో చెప్పేస్తాడని ఆ వీధిలో పేరు. ఒక చిన్న స్పీకరు బల్లమీద పెట్టి ఏడో బెర్తు తొలి ఏడాది కచేరీ వినిపించాడు. గేట్లు తియ్యగానే వచ్చి రికార్డరు పెట్టి నిలబడేవాడట, అందుకని నా సన్నాహాలు కూడా అందులో ఉన్నాయి. జనం గోల, ఎవరో ఐస్‌క్రీం అమ్ముతున్న కేక, నా గొంతు "చెక్, చెక్". తర్వాత ఖాళీ. తర్వాత ప్రసన్న పాట.

"తాళాలు ఆడించినప్పుడు ఆపేసినావా?" అన్నాను.

"ఏటి?"

"మైకు దగ్గర తాళాలు ఆడిత్తాను కదా. అది రికార్డు సెయ్యలేదా?"

ఖాదర్ నా మొహం చూశాడు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. "చెక్, చెక్". ఖాళీ. ప్రసన్న పాట.

"ఇనపడ్డాయా?" అన్నాడు.

"ఏవి?"

"తాళాలు, భాయ్. శుభ్రంగా ఉన్నాయి. అర నిమిషం ఆడించినావు."

మూడోసారి చెవి స్పీకరుకు ఆనించి విన్నాను. లేవు. ఖాదర్ మొన్నటి కచేరీ పెట్టాడు. "చెక్, చెక్", ఆ వెంటనే నా తాళాల గుత్తి గలగలా మోగింది, ఎలా మోగాలో అచ్చం అలాగే. హాయిగా అనిపించి తలెత్తేసరికి ఖాదర్ రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. పక్క కొట్టులో టీ కాచే ఆయన "ఆపండెహె, పళ్ళు జివ్వుమంటన్నాయి" అని కేకేశాడు.

అవే తాళాలు, అదే చెయ్యి. అప్పటికి ఎవరూ ఒక్క తీగ కూడా మీటలేదు.

నాకు అప్పటికి విషయం పూర్తిగా తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి స్పీకర్ల పక్కన నిలబడి నా చెవులు సన్నని శబ్దాలను పోగొట్టుకున్నాయి. అవి పోయినకొద్దీ, తాళాలు నాకు పాతలాగే మోగేదాకా ఈక్వలైజర్ పెంచుకుంటూ పోయాను. ఈక్వలైజర్ మిక్సర్ తర్వాత, స్పీకర్లకు ముందు ఉంటుంది కాబట్టి మా సొంత రికార్డింగుల్లో ఆ పాపం పడలేదు. జనంలో నిలబడి దొంగతనంగా పట్టినవాటిలోనే పడింది.

సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు మొదట వచ్చిన ఆలోచన జోసెఫ్ గురించి కాదు. ఈ సంగతి ఖాదర్ ఎవరికైనా చెబుతాడేమో అన్నది. చెవులు పోయిన సౌండువాణ్ణి ఎవరు పిలుస్తారు?

"నాను సెప్పను రాజు భాయ్" అన్నాడు ఖాదర్, నేనడక్కుండానే. "నాను సెప్తే అది సాడీ అవుద్ది. నువ్వు సెప్పాల."

నలుగురికీ చెప్పడం

చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి కాగితం చేతికిచ్చింది. దానిమీద గీత సగం దాకా నిలకడగా వచ్చి అక్కడి నుంచి కిందకు జారిపోయింది. ఆ కాగితం చూసి మా ఆవిడ "నాను సెప్తే ఇన్నావేటి? కుక్కర్ కూతెడతంటే పక్కనే కూసుని పేపరు సదువుతావు" అంది. నేను వినిపించుకోవడంలేదని అనుకుందట ఇన్నాళ్ళూ.

దాచుకుంటే దాగేదే. ఒక ల్యాప్‌టాప్ కొనుక్కుని, ఒక కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని ఇంకో అయిదేళ్ళు నెట్టుకురావచ్చు. కానీ జోసెఫ్ షాపులో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాడు. తన చెయ్యి చెడిపోయిందని నమ్మి అక్కడ కూర్చున్నాడు. ఆ నమ్మకం నేనిచ్చింది. దాన్ని నేనే తీసెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

రిహార్సల్ షెడ్డుకు ఖాదర్ రికార్డింగులు పట్టుకెళ్ళి రెండూ వినిపించి, కాగితం చూపించాను. ప్రసన్న కాగితం మడిచి నా చేతికి తిరిగిచ్చింది.

"మీరు సెప్పారని నమ్మాను మాస్టారూ. వాడు సెప్తే నమ్మలేదు."

ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు వాణ్ణి ఏం మొహంతో పిలవను?" అంది.

"నువ్వు పిలవొద్దమ్మా. నాను ఎల్తాను."

గోపాలపట్నంలో షాపు మెట్లమీద నిలబడి జోసెఫ్‌కి మొత్తం చెప్పాను. "నీ వాయింపులో ఏ లోపమూ లేదు. నా సెవిలో ఉంది. నీ మీద నింద ఏసినాను" అన్నాను. మెల్లగా చెప్పలేదు. లోపల ఉన్న అతని యజమాని, ఇద్దరు గిరాకీలు కూడా విన్నారు. నలుగురిలో వేసిన నింద నలుగురిలోనే తియ్యాలి.

జోసెఫ్ చేతిలో ఉన్న ఫోను పక్కన పెట్టాడు.

"మూడేళ్ళు మాస్టారూ" అన్నాడు. "రాత్రీ పగలూ ఇదే ఆలోసన. ఇంట్లో వాయిత్తే బాగుంటాది, జనం ముందుకొస్తే సెడిపోతాది, నాకేటయింది అని. మా అమ్మ సర్చిలో ప్రార్థన కూడా సేయించింది."

"తప్పయిపోయింది" అన్నాను.

"క్షమించమంటే క్షమించీగలను. ఆ మూడేళ్ళు ఎక్కడికెళ్ళి తెచ్చుకోను?"

"అయి నాను తెచ్చియ్యలేను" అన్నాను. అతను పక్కన పెట్టిన ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"వత్తాను. కానీ మిక్సర్ మీద మీ సెయ్యుంటే రాను."

"ఆ మాట నీకు సెప్పడానికే వచ్చాను" అన్నాను. ఆ రోజే ఈ పని మానేసినట్టు లెక్క.

మీకు చెప్పవలసింది

ఏడాదికోసారి చెవులు పరీక్ష చేయించుకోండి. కూలీలకు హెల్మెట్ ఉన్నట్టే మనకు చెవి బిరడాలున్నాయి, పెట్టుకోండి. కొలిచే యంత్రాన్ని వెక్కిరించకండి. దానికి వయసు రాదు. అలాగని చెవిని నమ్మవద్దని అనను. సత్యంగారి పాఠం తప్పు కాదు, ఒక చెవినే నమ్మడం తప్పు. పాతికేళ్ళ పిల్లను పక్కన నిలబెట్టుకుని "నీకెలా ఉంది?" అని అడగడానికి నామోషీ పడకండి. "బాగాలేదు" అన్నవాణ్ణి గెంటకండి. అతను డబ్బిచ్చి నష్టపోయి చెబుతున్నాడు. దొంగ రికార్డింగుల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అడిగి చెయ్యాలి. ఖాదర్‌కి కూడా అదే చెప్పాను. ప్రసన్న అనుమతి ఇచ్చింది, ఇప్పుడు దర్జాగా స్టాండు వేసుకుని రికార్డు చేస్తున్నాడు.

మరొకటి. ఆ మూడేళ్ళలో పుట్టిన నెమ్మది పాటలు, బొటనవేలి వాయింపు బృందానికి సొంతమైపోయాయి. వాటిని ఇష్టపడేవాళ్ళున్నారు. నా తప్పువల్ల మంచి జరిగిందని కొందరు ఓదారుస్తారు. నేను ఒప్పుకోను. అది వాళ్ళ మొండితనంవల్ల జరిగింది. నావల్ల జరిగింది ఆ పిల్లవాడి మూడేళ్ళు పోవడమే.

చివరిసారి మిక్సర్ దగ్గర

జోసెఫ్ తిరిగొచ్చిన కచేరీ సబ్బవరం దగ్గర ఒక కాలేజీ మైదానంలో. మిక్సర్ మీద కొత్తమ్మాయి, చందన. యంత్రంతో కొలిచింది, తర్వాత లేచి మైదానమంతా నడిచింది. నేను ఆమె పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. జోసెఫ్ మొదటి పాట ఎత్తుకున్నాడు. గిటారు నాకు గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. చెయ్యి దానంతటదే ఈక్వలైజర్ వైపు వెళ్ళబోయింది. రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు వరుస వైపు చూశాను. ఎవరి చేతులూ చెవుల మీద లేవు.

పాటయ్యాక జోసెఫ్ మైకు దగ్గరకు వచ్చాడు. చందన వైపు కాదు, నా వైపే చూశాడు. అంత జనంలో స్పీకర్ల నిండా అతని గొంతు.

"మాస్టారూ! కీచుగా ఉందేటి?"

ఎగతాళికి అన్నాడో, నిజంగానే అడిగాడో, లోపలి కోపమో నాకు తెలియలేదు. అన్నీ అయి ఉండవచ్చు. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నాకు తెలీదురా! ఆళ్ళనడుగు!" అని మైదానానికంతటికీ వినపడేలా అరిచి, చేత్తో జనాన్ని చూపించాను.

మిక్సర్ దగ్గర నిలబడి ఆ మాట అనడం నా బతుకులో అదే మొదలు. జోసెఫ్ ఒక్క క్షణం నన్నే చూసి తలూపాడు. తర్వాత జనం వైపు తిరిగి వాళ్ళనడిగాడు.